గుట్ట మీద పిల్లల భద్రత: తాడు కొనకముందు నేర్పాల్సినవి

మేడమ్, మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీరు నాగర్‌కర్నూల్ వైపు ఒక గురుకులంలో పీడీగా (వ్యాయామ టీచరుగా) చేస్తున్నారు. తొమ్మిది, పది తరగతుల అమ్మాయిలు 48 మంది ఉన్నారు. డిసెంబర్‌లో ఒకరోజు భువనగిరి ఖిల్లాకు, ఇంకోరోజు నల్లమలలో మల్లెలతీర్థం జలపాతానికి తీసుకుపోవాలని ప్లాన్. "ముందు సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చాకే బస్సు ఎక్కించండి" అని ప్రిన్సిపాల్ గారు అన్నారు. చేతిలో 15,000 రూపాయలు, రెండు రోజుల టైం ఉంది. ఆ డబ్బుతో తాళ్లు, హార్నెస్‌లు (తాడుతో ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే పట్టీలు) కొనాలా, ఎవరినైనా పిలిపించి క్లాసు చెప్పించాలా అని అడిగారు.

తాడు కొనకండి. రెండు రోజులు కూర్చోబెట్టి క్లాసు చెప్పించడమూ వద్దు. ఆ రెండు రోజుల టైంనే ఆరు శనివారాలకు పంచండి, ఒక్కో వారం గంటన్నర. ఐదు వారాలు బడి గ్రౌండులోనే, ఆరో వారం మీ ఊరి పక్కన ఉన్న ఏదో ఒక చిన్న గుట్ట మీద. నేర్పాల్సినవి మూడే: ఎక్కడ ఆగి వెనక్కి తిరగాలి, ఏదన్నా జరిగితే మొదటి పది నిమిషాలు ఎవరు ఏం చేయాలి, సాయం ఎట్లా పిలవాలి. మిగతావన్నీ వీటి తర్వాతే.

ఇది ఊరికే చెప్తున్న మాట కాదు. నేను పాలమూరు వైపు పదిహేడేళ్లుగా పిల్లలను గుట్టలు తిప్పుతున్నాను. అంతకుముందు హిమాలయాల్లో నెల రోజుల బేసిక్ మౌంటెనీరింగ్ కోర్సు చేసొచ్చాను. వచ్చిన కొత్తలో చాలా ఉత్సాహం. మంచు గొడ్డలి ఎట్లా పట్టాలో కూడా ఇక్కడి పిల్లలకు బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. కోయిలకొండ మీద మంచు ఎప్పుడు పడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటి ప్రమాదం తాడు దగ్గర కాలేదు. అన్నం తిన్నాక దిగి వస్తుంటే, ఒక పిల్లగాడు నడుమెత్తు బండ మీది నుంచి దుంకాడు. మడమ దగ్గర ఎముక విరిగింది. నేను వరుసలో అందరికంటే ముందున్నాను. వెనక్కి ఎక్కి వాడి దగ్గరికి చేరేసరికి పావుగంట. అప్పటికి ఇద్దరు వాణ్ని లేపి నడిపించబోయారు, ఒకడు కాలు పట్టి లాగాడు, మిగతా ముప్పై మంది చుట్టూ నిలబడ్డారు. వాళ్లందరికీ బండలెక్కేవాళ్లు తాడుకు వేసే ఎనిమిది అంకె ముడి వేయడం వచ్చు. విరిగిన కాలును కదపొద్దని మాత్రం ఒక్కడికీ తెలియదు.

ఆ రోజు నుంచి నా పాఠం మారింది. ప్రమాదం జరిగే చోట సారు ఉండడు. అక్కడ ఉండేది పక్కన నడిచే పిల్లలే. కాబట్టి ట్రైనింగ్ వాళ్లకు కావాలి.

జట్లు. 48 మందిని ఎనిమిది మందికో జట్టుగా ఆరు జట్లు చేయండి. ప్రతి జట్టులో ముందు నడిచే పిల్ల, చివర నడిచే పిల్ల, లెక్కపెట్టే పిల్ల, మందుల సంచి మోసే పిల్ల ఎవరో ముందే తేలాలి. చివర నడిచే పిల్ల కొంచెం ధైర్యమున్నది, మెల్లగా నడిచే వాళ్లను విసుక్కోనిది కావాలి. అందరికంటే బలమైన పిల్లను ముందు పెట్టడం మనకు అలవాటు, దానివల్లే వరుస తెగుతుంది. ముందు నడిచేది మెల్లగా నడిచే పిల్లే కానివ్వండి.

లెక్క ఎక్కడపడితే అక్కడ పెట్టించండి: బస్సు దిగాక, ప్రతి మలుపులో, అన్నానికి ముందు, అన్నం అయ్యాక. పేర్లు పిలవకండి, ఆలస్యమవుతుంది. ఎవరి నంబరు వాళ్లే అరవాలి. మొదటి వారం నవ్వుకుంటారు. మూడో వారానికి ఎనిమిది సెకన్లలో అయిపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. జట్టులో ఏ ఒక్క పిల్ల "నాకు భయమైతుంది, వెనక్కి పోదాం" అన్నా జట్టంతా ఆగాలి. ఎందుకని అడగొద్దు, నవ్వొద్దు. దీన్ని గ్రౌండులోనే ఆటలాగా చేయించండి. లేకపోతే గుట్ట మీద ఎవరికీ నోరు పెగలదు, పిరికిది అంటారని. నేను చూసిన దెబ్బల్లో సగానికి సగం "అప్పుడే అనిపించింది సార్, చెప్పలేదు" అనే మాటతో మొదలైనవే.

దిగుడు. ఎక్కేటప్పుడు దెబ్బలు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ. కాళ్లు అలిసిపోయి ఉంటాయి, కడుపు నిండి ఉంటుంది, బస్సు కనిపిస్తుంటుంది. మన బండలది కూడా ఒక గుణముంది. ఇది గ్రానైట్, ఎండకూ వానకూ ఉల్లిపొరల్లాగా పొరలు ఊడుతుంది. ఊడిన పొర ఒక్కోసారి బండకు అంటుకునే ఉన్నట్టు కనిపిస్తుంది, కాలు వేస్తే జారుతుంది. తట్టి చూస్తే బోలు శబ్దం వస్తుంది, ఆ తేడా పిల్లల చెవులకు వినిపించండి. రెండోది, బండ అరిగి రాలిన సన్నటి ఇసుక. ఏటవాలు బండ మీద అది గోళీల మీద నడిచినట్టే. నాచు సంగతి అందరికీ తెలుసు, ఈ ఇసుక సంగతే ఎవరూ చెప్పరు.

బూట్ల అడుగులు ముందురోజు మీరే తిప్పి చూడండి. గీతలు అరిగిపోయిన బూట్లతో ఎక్కనివ్వకండి. చెప్పులు అసలే వద్దు. ఎవరి కాలి కిందినుంచైనా రాయి కదిలితే వెంటనే "రాయీ!" అని గట్టిగా అరవాలి, కింద ఉన్నవాళ్లు పైకి చూడకుండా బండకు ఆనుకోవాలి. ఇది కూడా గ్రౌండులో చేయించొచ్చు, టెన్నిస్ బంతులతో.

తేనెటీగలు. భువనగిరి అయినా, దేవరకొండ అయినా, రాచకొండ అయినా, కోట గోడల కింద, బండ చూరుల కింద కొండ తేనెటీగల తుట్టెలు వేలాడుతుంటాయి. నాకు పాముల కంటే వీటి టెన్షనే ఎక్కువ, ఎందుకంటే పాము ఒక్కరినే కరుస్తుంది. ఒకసారి మేము ఒక కోటలో ఉండగా వేరే గుంపు వాళ్లెవరో తుట్టె ఉన్న చూరు కింద పొయ్యి పెట్టారు. పొగకు తేనెటీగలు లేచాయి. మా 36 మంది నాలుగు దిక్కులకు ఉరికారు. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు, కానీ అందరినీ లెక్కకు తేవడానికి యాభై నిమిషాలు పట్టింది. ఒక పాప రెండు బండల సందులో దూరి, మేము పిలుస్తున్నా పలకకుండా కూర్చుంది. ఆ యాభై నిమిషాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి.

ఇప్పుడు ఏ కోటకు పోయినా ముందు అక్కడి కాపలా మనిషిని అడుగుతాను, తుట్టెలు ఏ వైపు ఉన్నాయని. తర్వాత పిల్లలకు చూపిస్తాను: తేనెటీగలు లేస్తే ఈ దారినే ఉరకాలి, ఆ చెట్టు దగ్గరే కలవాలి. చున్నీ తలకూ ముఖానికీ చుట్టుకోవాలి, చేతులతో కొట్టొద్దు, నీళ్లలో దుంకొద్దు, కొంత దూరం పోయి వెనక్కి చూస్తూ ఆగొద్దు. ఆరోజు అత్తరు, స్ప్రేలు బంద్. ముల్లు దిగితే గోరుతో గీకో, పీకో, ఎట్లాగైనా వెంటనే తీసేయాలి. పద్ధతి కంటే తొందర ముఖ్యం. పెదాలు వాచినా, ఊపిరి ఆడకున్నా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, చాలా చోట్ల కుట్టినా ఆలోచన లేకుండా ఆసుపత్రికే.

పాము. ఇది మీ హాస్టల్‌కు కూడా పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. కరిచిన చోట పైన బిగించి కట్టు కట్టొద్దు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పూయొద్దు, మంత్రం కోసం తిరగొద్దు. పామును వెతికి చంపే పని కూడా లేదు. మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒకటే. గాజులు, ఉంగరాలు, పట్టీలు వెంటనే తీసేయాలి, వాపు వస్తే తర్వాత రావు. విరిగిన కాలుకు కట్టినట్టే రెండు కర్రలు పెట్టి వదులుగా కట్టి, నడవనివ్వకుండా మోసుకుపోవాలి. గుండె ధైర్యం చెప్తూ ఉండాలి.

మాతో వచ్చిన ఒక టీచర్ కంగారులో ఒక అబ్బాయి కాలికి బూటు లేసు బిగించి కట్టారు. ఆసుపత్రికి పోయేసరికి కాలు నీలంగా మారింది. పాము కాటు కంటే ఆ లేసు గురించే డాక్టర్ ఎక్కువ తిట్టారు. ఎవరైనా అప్పటికే గట్టిగా కట్టి ఉంటే మాత్రం దారిలో ఒక్కసారిగా విప్పకండి, డాక్టర్ ముందే విప్పాలి.

హాస్టల్ సంగతి ఎందుకన్నానంటే, కట్లపాము రాత్రిపూట కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి దాదాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లారేసరికి కడుపునొప్పి, మాట ముద్దగా రావడం, కనురెప్పలు వాలిపోవడం. నిద్రమత్తు అనుకుని వదిలేస్తే ఊపిరి ఆగిపోతుంది. రెప్పలు వాలిపోతుంటే పాము కాటేమో అని అనుమానించడం పిల్లలకు తప్పకుండా నేర్పండి.

బయలుదేరే ముందురోజు అచ్చంపేట, భువనగిరి ప్రభుత్వ ఆసుపత్రులకు మనిషిని పంపో, ఫోన్ చేసో పాము కాటు మందు స్టాకు ఉందా అని అడగండి. "ఉంటుంది లెండి" అంటే సరిపోదు, చూసి చెప్పమనండి.

ఎండ. డిసెంబర్ కాబట్టి మీకు ఇబ్బంది తక్కువే. ఫిబ్రవరి దాటితే మాత్రం పదకొండు గంటలకల్లా బండ కాలుతుంది. ఒక మార్చిలో టిఫిన్ ఆలస్యమై మేము తొమ్మిదిన్నరకు ఎక్కడం మొదలుపెట్టాం. తప్పు పూర్తిగా నాదే. దిగేటప్పుడు ఒక పాప అందరిమీదా చిరాకు పడుతోంది. అలిసిపోయింది అనుకున్నాను. కాసేపటికి "బస్సు ఏది, అమ్మ ఏది" అని సంబంధం లేకుండా మాట్లాడుతుంటే దాని జట్టులో పిల్లే పరుగెత్తుకొచ్చి చెప్పింది. నీడలో పడుకోబెట్టి, ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద పోసి, నోటుబుక్కులతో విసిరాం. మాట తడబడితే అది వడదెబ్బ, ముందు ఒళ్లు చల్లబరచాలి, ఆ తర్వాతే బండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు. మామూలు నీరసానికైతే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో, అరలీటరులో కాదు.

పిడుగుల గురించి రెండు మాటలు: మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 లెక్కపెట్టేలోపు ఉరిమితే గుట్ట దిగేయాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ ఎక్కొద్దు. ఒంటి చెట్టు కింద నిలబడొద్దు. పిడుగు పడ్డ మనిషిని ముట్టుకుంటే షాక్ కొట్టదు, ఊపిరి ఆగి ఉంటే వెంటనే ఛాతీ ఒత్తడం మొదలుపెట్టొచ్చు.

ఛాతీ ఒత్తడం అంటే సీపీఆర్, గుండె ఆగిన మనిషికి చేసేది. దీన్ని నేనుగా నేర్పను, మీరూ నేర్పకండి. దగ్గరి పీహెచ్‌సీ నర్సునో, 108 అంబులెన్స్ సిబ్బందినో బతిమాలి ఒక శనివారం పిలిపించుకోండి. బొమ్మ లేకపోతే పరుపు గట్టిగా చుట్టి తాడు కట్టినా అభ్యాసానికి పనికొస్తుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు. రెండు నిమిషాలకే చేతులు లాగుతాయి, మనిషి మారాలి. నీళ్లలో మునిగినవాళ్లకు ఛాతీ ఒత్తడం ఒక్కటే సరిపోదు, నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి. అది ప్రత్యేకంగా చూపించమని అడగండి.

మోసుకురావడం. నా మొత్తం ట్రైనింగ్‌లో ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేయమంటే దీన్నే ఉంచుతాను. రెండు వెదురు బొంగులు, ఒక గట్టి దుప్పటి. దుప్పటిని బొంగుల చుట్టూ మడిచి స్ట్రెచర్ చేయడం పది నిమిషాల పని. ఆరో శనివారం మీ ఊరి గుట్ట మీద, ఒక పిల్లను కాలు విరిగినట్టు పడుకోబెట్టి, 300 మీటర్లు కిందికి మోయించండి. ముందుగా ఒక ఇసుక బస్తాతో మోయించి చూడండి, దుప్పటి మడతల పట్టు గట్టిగా ఉందో లేదో తెలుస్తుంది. మా పిల్లలు పన్నెండు మంది చేతులు మార్చుకుంటూ మోసినా మొదటిసారి నలభై నిమిషాలు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి, ఇద్దరు ఏడ్చారు. తర్వాత ఎవరూ చెప్పకుండానే బండల మీది నుంచి దుంకడం మానేశారు. "నేను పడితే వీళ్లు మోయాలి" అని అర్థమైపోతుంది. నేను గంటసేపు చెప్పినా రాని బుద్ధి అది.

మోసేముందు రెండు చూడాలి. విరిగిన చోటుకు పైన, కింద ఉన్న కీళ్లు రెండూ కదలకుండా కట్టారా అన్నది ఒకటి. కట్టాక గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు వస్తోందా అన్నది రెండోది, రాకపోతే కట్టు బిగువైందన్నట్టు. ఎత్తు నుంచి పడి మెడ నొప్పి అంటున్నా, కాళ్లు తిమ్మిరి అంటున్నా అసలు కదపొద్దు. పడ్డ పిల్ల తల కదలకుండా ఒకరు పట్టుకుని కూర్చుని సాయం వచ్చేదాకా ఆగాలి.

ఫోన్. పిల్లలందరికీ ఫోన్ మాట్లాడడం వచ్చనుకుంటాం. ఒకసారి ఉత్తుత్తి కాల్ చేయించండి, మీరు 108 మనిషిలాగా అవతల కూర్చోండి. "సార్ మేము గుట్ట మీదున్నాం, గుడి పక్కన" అంటారు. మన దగ్గర గుడి లేని గుట్ట ఏది మేడమ్?

ముందు చోటు చెప్పాలి, తర్వాతే దెబ్బ సంగతి. ఎందుకంటే గుట్టల్లో కాల్ ఎప్పుడు కట్ అవుతుందో తెలియదు, కట్ అయ్యేలోపు చోటు చేరితే చాలు. మండలం, ఊరు, ఏ రోడ్డు, బండి ఎక్కడిదాకా రాగలదు. పిల్ల పడి ఉన్న చోటు కంటే బండి ఆగే చోటే అంబులెన్స్ వాళ్లకు ముఖ్యం. అక్కడ ఒకరు ఎర్ర చున్నీ పట్టుకుని నిలబడాలి. సిగ్నల్ లేక మనిషిని పంపాల్సి వస్తే ఒక్కరిని పంపొద్దు, ఇద్దరు పోవాలి, చేతిలో రాసిన చీటీ ఉండాలి. కంగారులో నోటిమాట మారిపోతుంది. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే అత్యవసర నంబరు 112 కలుస్తుంది, అది కూడా చెప్పండి. టీచర్ల ఫోన్లలో ఒకటి ఛార్జింగ్ మిగిలేలా పొద్దున్నుంచీ ఫ్లైట్ మోడ్‌లోనే ఉండాలి, ఫొటోలకు ఇవ్వొద్దు.

ఇక మీరు అడిగిన తాడు. 2014 మే 25న గురుకులం అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలలకు ఎవరెస్టు ఎక్కినప్పటి నుంచి గురుకులాల్లో ప్రతి పిల్లకూ ఆ ఆశ ఉంది, ఉండాలి కూడా. ఆమె, ఆమెతో పాటు ఎవరెస్టు ఎక్కిన ఆనంద్ భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో నేర్చుకుని, నెలల తరబడి ట్రైనింగ్ తీసుకున్నాకే అక్కడికి పోయారు. భువనగిరిలో తాడుతో ఎక్కించే శిక్షకులు ఉన్నారు, తాడు పని వాళ్లకే వదిలేయండి. మీరు చూడాల్సింది: ప్రతి పిల్లకూ హెల్మెట్ ఉందా (బైక్ హెల్మెట్ కాదు), పైన తాడు రెండు వేరువేరు చోట్ల కట్టారా, ప్రతి పిల్ల హార్నెస్‌నూ ముడినీ రెండో మనిషి కూడా చూస్తున్నారా. "తొందరగా కానివ్వండి, ఇంకా ఇరవై మంది ఉన్నారు" అని శిక్షకులను మీరు మాత్రం తొందరపెట్టకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు, లారీ తాడు మనిషి బరువుకు ఎంత లావున్నా వద్దు.

హిమాలయాల్లో వచ్చే ఎత్తు జబ్బు మన గుట్టల్లో రాదు, అది 2,500 మీటర్లు దాటాక మొదలయ్యే సంగతి. రేపు మీ పిల్లలు మనాలి టూర్ పోతే మాత్రం చెప్పి పంపండి: మనాలి పైన ఉన్న రోహ్‌తాంగ్ కనుమ ఎత్తు దాదాపు 4,000 మీటర్లు. అక్కడ తలనొప్పి మొదలైతే ఇంకా పైకి పోవద్దు, నడక తూలితే ఆ క్షణమే కిందికి దిగాలి.

మల్లెలతీర్థం గురించి నాకు భయమున్నది నీళ్లతోనే. గుండంలో ఎవరినీ దిగనివ్వకండి, ఈత వచ్చినవాళ్లను కూడా. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు. నీళ్లు తగ్గి తేలిన బండల మీద ఫొటోలు దిగుతున్నారు, పైన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. సాగర్ దిగువన కృష్ణలో దిగే పిల్లలకు కూడా ఇదే చెప్తాను: పైన డ్యామ్ ఉన్న నదిలో పొడిగా కనిపించే బండ నది లోపలిదే.

నల్లమలలో అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి, అక్కడి చెంచు గైడ్‌ను వెంట పెట్టుకోండి, ఆయన ఆగమన్న చోట ఆగండి. శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో బండ్లు తిరగనివ్వరు. చీకటి పడేలోపు మన్ననూరు చెక్‌పోస్టు దాటేలా మధ్యాహ్నం రెండున్నరకే వెనుతిరగండి, జలపాతం చూడకపోయినా సరే.

డబ్బు లెక్క: ఆరు మందుల సంచులు, ఓఆర్‌ఎస్, క్రేప్ బ్యాండేజీలు, ఎనిమిది వెదురు బొంగులు, నాలుగు దుప్పట్లు, పీహెచ్‌సీ వాళ్లకు భోజనం. ఇంకా మిగులుతాయి, మిగిలినవాటితో బూట్లు లేని పిల్లలకు బూట్లు. ప్రతి పిల్ల మెడలో ఒక ఈల. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. విన్నవాళ్లు నిమిషంలో మూడుసార్లు ఊది జవాబివ్వాలి. ఈలలు కొనేటప్పుడు లోపల గోళీ ఉండేవి తీసుకోకండి, తడిస్తే పలకవు.